ఒకే వైపు చూసిన గది

కిందటి వారం లిఫ్టమ్మాయిని మూడో అంతస్తులో, గాజు తలుపు ముందు నిలబెట్టి వచ్చాం. లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు, గోడకు నిలువెత్తు తెర. బయట ఆమె, ఆమె వెనక ఆరు నెలల పని. ఆ భవనంలో తయారయ్యేది దిమ్మెలు పేర్చి ఇళ్ళూ కోటలూ వంతెనలూ కట్టుకునే కంప్యూటర్ ఆట. దిమ్మెల్లో చాలా భాగం ఉత్త రాళ్ళు. కొన్ని మాత్రం తీగలు, మీటలు, దీపాలు. వాటిని కలిపి సర్క్యూట్ కడితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, ఉచ్చు దానంతటదే బిగుస్తుంది. రాబోయే విడుదలలో ఒకే ఒక్క కొత్త సర్క్యూట్ దిమ్మెకు చోటుంది. ఆమె తయారుచేసిన దిమ్మె ఈ ఉదయం పరీక్షలో నిలిస్తే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. పడితే సాయంత్రంలోగా బల్ల ఖాళీ చేసి, వదిలేసి వచ్చిన లిఫ్టుల పనికి, ఆ గ్రీజుకూ ఆ చీకటి గొట్టాలకూ తిరిగి పోవాలి. అక్కడ ఎనిమిదేళ్ళు పనిచేసింది కాబట్టే ఇక్కడ ఆమెకు ఆ పేరు. మొదట్లో అది వెక్కిరింపు. తరవాత అలవాటు. అలవాటైన వెక్కిరింపు గౌరవమేమోనని ఆమె ఈమధ్య అనుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా పది గంటలకు తలుపు తెరుచుకుంది.

"రండి లిఫ్టుగారూ, రండి. తాడు గట్టిదేనా?" అన్నాడు సుత్తి. అతను టెస్టర్. దేన్నైనా పగలగొట్టి చూడటం అతని ఉద్యోగం, పగలగొట్టినదాని గురించి గంటలకొద్దీ చెప్పడం అతని స్వభావం. పేరు రెండిటికీ సరిపోయింది. "మధ్యలో తెగితే మాకు సంబంధం లేదు, ముందే చెబుతున్నాను."

"తలుపు సరిగ్గా వేసుకోమను, లేకపోతే పైకి కదలదు," అన్నాడు పక్కనున్న చెవి. అతను ఆటకు శబ్దాలు కూర్చేవాడు. రెండేళ్ళ కిందట, అడుగుల చప్పుడు విని వెలిగే దిమ్మె ఒకటి చేసి ఇదే గదిలో పెట్టాడు. సొంత దీపం మినుకుమన్న చప్పుడుకే అది మళ్ళీ వెలిగి, మళ్ళీ విని, మళ్ళీ వెలిగి పిచ్చెత్తిపోయింది. అతని ఉద్యోగం అప్పటికే స్థిరం కాబట్టి మిగిలింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాత్రం ఆ రోజుతో పోయింది.

ఈ పరీక్షను వాళ్ళు కూల్చుడు అంటారు. దాని నియమాలు మేస్త్రి పెట్టినవి. మేస్త్రి అంటే ఈ ఆటకు యజమాని. ఆటలో మొట్టమొదటి గోడ కట్టినవాడు కనుక ఆ పేరు. నియమాలు కొన్నే. దిమ్మె చేసినవాళ్ళు గోడవార స్టూలు మీద కూర్చోవాలి. గంటసేపు మిగిలినవాళ్ళంతా దాన్ని పడగొట్టడానికి ప్రయత్నిస్తారు. ఆ గంటలో దిమ్మె తాలూకు మనిషి నోరు విప్పితే, దగ్గినా సరే, దిమ్మె పడినట్టే. గంట పూర్తయ్యాక ఆ మనిషికి ఒక్క మాట చెప్పే అవకాశం ఇస్తారు. తన దిమ్మెను తాను సమర్థించుకునే మనిషి ఉంటే పరీక్ష సరిగ్గా జరగదన్నది మేస్త్రి సిద్ధాంతం. సిద్ధాంతం సబబైనదే. దాన్ని అమలుచేసే పదిమంది మొహాల్లో ఉదయాన్నే కనబడే ఉత్సాహానికి మాత్రం ఆ సిద్ధాంతంలో వివరణ లేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా, బల్ల ఆ చివర, రూపకల్పన విభాగానికి పెద్ద అయిన ఆమె వదిన. ఇంట్లో వదిన, ఇక్కడ మేడమ్. వదిన పక్కనున్న కుర్చీలో మనిషి లేడు. ఒక ట్యాబ్‌ను రెండు పుస్తకాల దన్నుతో నిలబెట్టారు. అందులో అన్నయ్య.

"మీ అన్నయ్య చూస్తానని పట్టుబట్టారు," అంది వదిన. ఆ ప్రేమలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. "చెల్లెలి రోజు కదా. నువ్వు మాట్లాడకూడదుగానీ, ఆయన్ని చూసి నవ్వొచ్చు. నవ్వు."

ఆమె నవ్వింది. ట్యాబ్‌లో అన్నయ్య ముఖం ఎడమ సగం నవ్వింది. కుడి సగానికి మూడేళ్ళుగా నవ్వు రాదు. పక్షవాతం వచ్చిన రోజు అతను ఈ గదిలోనే ఉన్నాడు, ఈ ఆట పునాది గురించే మాట్లాడుతున్నాడు. ఆట మొత్తం నిలబడేది ఆ పునాది మీదే: ఏ దిమ్మె ఎప్పుడు కదలాలి, ఏ తీగలో ప్రవాహం ఎప్పుడు ముందుకు పోవాలి అన్న లెక్కంతా చూసే కోడ్ అది. పదేళ్ళ కిందట అతను ఒంటిచేత్తో రాశాడు. ఆట తెరవగానే రాతి పలక ఒకటి కనిపిస్తుంది, దాని మీద 'పునాది' అని, కింద అతని పేరు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే అతను ఆట తెరుస్తాడు. పలక వస్తుంది. చూస్తాడు. మూసేస్తాడు. ఎడమచేత్తో ఆడటం చేతకాదు, చూడటానికి చెయ్యి అక్కర్లేదు.

"మొదలెట్టండి," అన్నాడు మేస్త్రి.

ఆమె దిమ్మె పేరు 'ముందెవరు'. పని చాలా చిన్నది. దానికి రెండు వైపులా రెండు మెట్లు. ఎడమ మెట్టు మీద ముందు కాలు పడితే ఎర్రదీపం వెలుగుతుంది. కుడి మెట్టు మీద ముందు పడితే నీలం. రెండూ ఒకే క్షణంలో పడితే ఎర్రదీ కాదు, నీలందీ కాదు, మధ్యనున్న తెల్లదీపం. పదేళ్ళలో వచ్చిన దిమ్మెలన్నీ 'వచ్చిందా, రాలేదా' అనే అడిగాయి. 'ఎవరు ముందు వచ్చారు' అని అడిగిన దిమ్మె ఇదే మొదటిది. లిఫ్టుల్లో ఆమెకు అది రోజువారీ సమస్య: రెండు అంతస్తుల్లో ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే పెట్టె ఎటు పోవాలి? తేల్చుకోలేని యంత్రం మధ్యలో ఆగిపోతుంది. అలా ఆగిపోయిన పెట్టెల్లోంచి ఆమె ఎంతమందిని చెయ్యిచ్చి లాగిందో.

సుత్తి యాభై నిమిషాలు చెమటోడ్చాడు. మెట్ల మీద బరువులు దొర్లించాడు. దిమ్మె మీద నీళ్ళు పోశాడు. పక్కనే మందుగుండు పేల్చాడు. ఆటను సగంలో ఆపి, మళ్ళీ తెరిచాడు. చివరికి, ఒకే క్షణంలో రెండు మెట్లూ తొక్కే యంత్రాన్ని ఆటలోనే కట్టి, నాలుగువందల సార్లు తొక్కించాడు. నాలుగువందల సార్లూ తెల్లదీపమే.

"అయిందా నీ కుస్తీ?" అంది వదిన.

"అయింది మేడమ్. ఇది నా బుర్రకంటే గట్టిగా ఉంది."

"అదేమంత పెద్ద పొగడ్త కాదులే."

గది నవ్వింది. ఆ నవ్వులో మొదటిసారి ఆమె పట్ల కొంచెం స్నేహం వినిపించింది. చెవి కుర్చీలో వెనక్కి వాలి, ఆమెకేసి చూసి బొటనవేలు ఎత్తాడు. మేస్త్రి గడియారం చూసుకున్నాడు. స్టూలు అంచు పట్టుకున్న ఆమె వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. రేపటినుంచి ఏ బల్ల ఇస్తారో, కిటికీ పక్కదిస్తే బాగుండునని కూడా అనుకుంది. ఆ ఆలోచనకు ఆమె తరవాత సిగ్గుపడింది.

"ఇంకెంతసేపుంది?" అంది వదిన.

"తొమ్మిది నిమిషాలు."

"చాలు. దాన్ని తీసి, పావు చుట్టు తిప్పి పెట్టు."

"తిప్పడమా?" సుత్తికి అర్థం కాలేదు. "ఎటు మేడమ్?"

"ఎటో ఒకవైపు. ఇప్పుడు గోడకేసి చూస్తోంది కదా. కిటికీకేసి చూడనీ."

"దిమ్మె దిమ్మే కదండీ. ఎటు చూస్తే ఏం?"

"ఏమీ లేదన్నప్పుడు తిప్పడానికి నీకేం నొప్పి?"

ఇక్కడ ఆ పరీక్షగది గురించి రెండు మాటలు చెప్పాలి. అది ఆటలోపల ఉన్న గది. ఒక తలుపు, ఒక కిటికీ, నేల మీద గీతలు. మేస్త్రి మొదటి ఏడాదే కట్టాడు. తలుపులోంచి లోపలికి అడుగుపెట్టిన ఎవరికైనా ఎదురుగా గోడ కనిపిస్తుంది కనుక, ఎవరైనా పరీక్షించవలసిన వస్తువును ఆ గోడకు అభిముఖంగానే పెడతారు. పదేళ్ళుగా, ప్రతి దిమ్మెనూ, ప్రతి ఒక్కరూ అలాగే పెట్టారు. ఎవరూ ఆజ్ఞాపించలేదు. అది నియమం కూడా కాదు. తెలివైన మనుషులు పదిమంది, వేల పరీక్షలు చేశామని నమ్ముతూ, ఒకే పరీక్షను వేలసార్లు చేశారు. ఆమె కూడా అంతే. ఆరు నెలల్లో ఆమె ముందెవరును పరీక్షించని రోజు లేదు, దాన్ని తిప్పి చూసిన రోజూ లేదు.

సుత్తి దిమ్మెను పీకి, తిప్పి, కిటికీకేసి పెట్టాడు. మెట్లు తొక్కే యంత్రాన్ని కూడా దానికి తగ్గట్టు జరిపాడు. నొక్కాడు.

నీలందీపం వెలిగింది.

"నీ యంత్రం సరిగ్గా లేదేమో," అన్నాడు చెవి.

"ఇప్పుడేగా నాలుగువందల సార్లు చూశాం," అని సుత్తి మళ్ళీ నొక్కాడు. నీలం. మళ్ళీ. నీలం.

"లెక్కపెట్టు," అంది వదిన.

"నాలుగు. ఐదు. ఆరు."

"గట్టిగా."

పదోసారికి ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. ఇరవయ్యోసారికి బల్లంతా "నీలం!" అని అరుస్తోంది, ఒక్కో అరుపుకూ ఎవరో పెన్నుతో బల్ల మీద కొడుతున్నారు. చెవి మొదట కాసేపు ఊరుకున్నాడు. ముప్పయ్యోసారికి అందరికంటే బిగ్గరగా వినబడింది అతని గొంతే. రెండేళ్ళుగా మోస్తున్న పేరును దించి మరొకరి నెత్తిన పెట్టే అవకాశం మనిషికి తరచుగా రాదు.

"ఏమ్మా," అంది వదిన, స్టూలు వైపు తిరిగి. "తెల్లదీపం ఏది? ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

ఆమె స్టూలు అంచు మళ్ళీ పట్టుకుంది.

"అయ్యో, మాట్లాడకూడదు కదూ. పోనీ తల ఊపు. అవునంటే కిందికి, కాదంటే అడ్డంగా. నియమాల్లో తల సంగతి లేదు, ఏమండీ మేస్త్రిగారూ?"

"లేదు," అన్నాడు మేస్త్రి.

ఆమె తల కదపలేదు.

"చూశారా? మా ఇంట్లోనూ ఇంతే. ఏం వండావమ్మా అంటే గోడకేసి చూస్తుంది." నవ్వులు. "సరే, నేనే చెబుతాను. ఇద్దరు పిల్లలు పరుగుపందెం పెట్టుకుని దీన్ని వాడారనుకోండి. ఒకడు ఏం చేసినా వాడిదే గెలుపు. ఎందుకంటే వాడు నిలబడ్డ వైపు మంచిది. రెండోవాడు ఏడాదిపాటు పరిగెడతాడు, ఏడాదిపాటు ఓడిపోతాడు, తన కాళ్ళలోనే లోపముందనుకుంటాడు. ఇది నిజం లిఫ్టులో పెట్టి ఉంటేనా, మా ఆడపడుచు చలవవల్ల ఎవరో ఒకాయన ఇప్పటికీ రెండో అంతస్తులోనే నిలబడి ఉండేవాడు."

"గడ్డం పెరిగి ఉండేది," అన్నాడు సుత్తి.

"మనవలు పుట్టి ఉండేవాళ్ళు," అన్నాడు చెవి.

ఆ నవ్వుల మధ్య ఆమె మనసు మాత్రం పనిచేస్తూనే ఉంది. అవమానంలో ఉన్నప్పుడు కూడా ఆగని మనసు ఉండటం వరమని కొందరంటారు. ఆ పూట ఆమెకు అది వరంలా అనిపించలేదు.

తీగలు సరిగ్గానే ఉన్నాయి. తీగలు తప్పయితే గోడకేసి ఉన్నప్పుడూ తప్పే కావాలి. తిప్పితే మారినది దిమ్మె కాదు. నేల మీద దాని స్థానం. గోడకేసి పెట్టినప్పుడు రెండు మెట్లూ ఒకే వరసలో ఉంటాయి. కిటికీకేసి పెడితే ఒక మెట్టు ముందు వరసలో, రెండోది వెనక వరసలో. వరస. పునాది కోడ్‌లో ఆ మాట ఆమె చదివింది, మూడో నెలలో, అన్నయ్య మంచం పక్కన కూర్చుని. ఆటలోని ప్రతి క్షణంలోనూ పునాది దిమ్మెలన్నిటినీ ఒకసారి పలకరిస్తుంది: మొదటి వరస మొత్తాన్ని ఒక్కసారిగా, ఆ తరవాత రెండో వరసను, ఆ తరవాత మూడోదాన్ని. ఒకే వరసలో ఉన్న రెండు మెట్లు ఒకేసారి జవాబు చెబుతాయి. వేరువేరు వరసల్లో ఉంటే ముందు వరసదే ఎప్పుడూ ముందు. ఒకే క్షణంలో పడిన రెండు అడుగుల్లో ఒకదాన్ని పునాదే ఆలస్యం చేస్తోంది. ముందెవరు అబద్ధం చెప్పడం లేదు. దానికి అందిన కబురే అబద్ధం.

పదేళ్ళుగా ఆ పక్షపాతం అక్కడే ఉంది. ఎవరు ముందని అడిగే దిమ్మె లేకపోవడంవల్ల ఎవరికీ దొరకలేదు.

ఈ గదిలో పునాదిని చదివినవాళ్ళు ఆమె కాక మరొకరు లేరు. అది చదవలేనంత పాతది, ముట్టుకోలేనంత పవిత్రమైనది. మేస్త్రి గోడలు కట్టేవాడే, కోడ్ అతనికి రాదు. కొత్తగా చేరినవాళ్ళు కొందరు దాన్ని తీసేసి మొత్తం మళ్ళీ రాద్దామని రెండేళ్ళుగా గొడవ చేస్తున్నారు. మేస్త్రి ఎప్పుడూ ఒకటే చెబుతాడు: "ఒక్క పగులు చూపించండి, ఆ రోజే తవ్విస్తాను. పలకతో సహా. అందాకా ఆయన పేరు అక్కడే ఉంటుంది."

ఆమె ట్యాబ్‌కేసి చూసింది. అన్నయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక బల్బు, రెండు స్విచ్చులు ఇచ్చి, ఏ స్విచ్చు వేసినా వెలిగేలా చెయ్యమన్నది ఇతనే. చెయ్యలేక ఏడిస్తే జవాబు చెప్పకుండా, ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నదీ ఇతనే. ఇప్పుడు నోరు విప్పితే ఇతను రేపు పొద్దున్న ఆట తెరుస్తాడు, అక్కడ పలక ఉండదు. విప్పకపోతే తను పోతుంది. పోయినా బతుకుతుంది. చేతులు రెండూ పనిచేస్తాయి.

"టైమైంది," అన్నాడు మేస్త్రి. గది సద్దుమణిగింది. "అమ్మాయ్, నీ ఒక్క మాట."

ఆమె లేచి నిలబడింది. గంటసేపు కదలకుండా ఉన్న కాళ్ళలో తిమ్మిరి ఎక్కి, ఒక్క క్షణం గోడ పట్టుకోవలసి వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"పొరపాటు నాదే," అంది. "తీగలు పెట్టడంలో తప్పాను."

"అంతేనా?"

"అంతే."

మేస్త్రి ఆమెను కాసేపు చూశాడు. కోడ్ రాకపోయినా, గోడ బరువు ఎటు మొగ్గుతోందో కంటితో పట్టగల మనిషి అతను. ఏదో అడగబోయి మానుకున్నాడు. "అయితే రాయించండి," అన్నాడు వదినతో.

పడిన ప్రతి దిమ్మెకూ ఒక రిజిస్టరులో ఒక పేజీ ఉంటుంది. పేరు, తేదీ, కారణం. కారణాన్ని దిమ్మె తాలూకు మనిషే తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. కంప్యూటర్లు ఇన్ని ఉన్నచోట ఈ ఒక్కటీ కాగితం మీదే ఎందుకంటే, చెరపడానికి వీల్లేకుండా. అందరూ బల్ల మీది వస్తువులు సర్దుకుంటున్నారు. సుత్తి తెర ఆర్పాడు. వదిన రిజిస్టరు తెచ్చి ఆమె ముందు తెరిచి పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చి, పేజీ చూపిస్తున్నట్టు వంగింది.

"నన్ను తిట్టుకుంటున్నావా?" అంది, ఇంట్లో మాట్లాడే గొంతుతో.

"లేదు వదినా."

"తిట్టుకునే ఉంటావు. నేనైనా తిట్టుకుంటాను. ఒక్కటి మాత్రం విను, తరవాత నీ ఇష్టం. తిప్పమన్నది మీ అన్నయ్య."

ఆమెకు మాటలు అందాయి గానీ అర్థం అందలేదు.

"పునాది గురించి నాకేం తెలుసు? నేను దీపాలకు రంగులు పెట్టేదాన్ని. ముందెవరు గురించి నువ్వు మొదటిసారి ఇంట్లో చెప్పిన రోజే ఆయనకు నిద్ర పోయింది. అది బయటికి వెళ్తే, ఆడే పిల్లలు వారంలో పట్టేస్తారట, పునాదిలో పక్షపాతముందని. ఇక్కడే, ఈ గదిలోనే, నీ పొరపాటుగా చచ్చిపోవాలన్నారు. ఆఖరి పది నిమిషాల దాకా ఆగమన్నదీ ఆయనే, నువ్వు ఆలోచించుకునే టైము ఉండకూడదని."

"వదినా..."

"పోయిన వారం నీ దగ్గరికొచ్చి, 'బాగుంది, ఇంక ముట్టుకోకు' అన్నానా? ఆ మాట కూడా ఆయనదే. కాగితం మీద ఎడమచేత్తో రాసిచ్చారు." వదిన నిటారుగా లేచి, చీర కొంగు సర్దుకుని మళ్ళీ వంగింది. "'అది కనిపెడుతుంది, కానీ నోరు విప్పదు. నన్ను ఎదురుగా పెట్టు, అస్సలు విప్పదు' అన్నారు. అందుకే ఆ కుర్చీ."

"ఇప్పుడు నాకెందుకు చెబుతున్నారు?"

"మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఏది చేదుగా ఉన్నా చేసింది నేనే. మందులు మింగించింది నేను, మంచం దిగొద్దని అరిచింది నేను. మీరిద్దరూ ఒకరికొకరు దేవుళ్ళు. ఇది కూడా నా నెత్తిన రుద్దితే మొయ్యలేనమ్మా. నా వెక్కిరింపులు నావే, వాటికి నన్ను తిట్టుకో. ఇది మాత్రం నాది కాదు."

ఆమె రిజిస్టరు మీదుగా ట్యాబ్‌కేసి చూసింది. దగ్గరికి నడిచింది. తెర మీది ముఖంలో ఎడమ కన్ను, ఆమె చూపు కలవకముందే, పక్కకు తప్పుకుంది. నిజాలను సాక్ష్యాలతోనే ఒప్పుకోవాలని ఆమెకు నేర్పిన మనిషి, అడగకముందే సాక్ష్యం ఇచ్చేశాడు. అయినా ఆమె అడిగింది.

"నిజమేనా అన్నయ్యా?"

"ఇంటికి... రా, చిట్టీ. చెబుతాను."

"ఇక్కడే చెప్పు."

"అందరి... ముందూ... ఎందుకు?"

"నన్ను అందరి ముందే కదా కూర్చోబెట్టావు."

సర్దుకుంటున్న చేతులు ఆగాయి. చెవి ఎవరినో మోచేత్తో పొడిచి ఊరుకోమన్నాడు. మేస్త్రి తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు.

అన్నయ్యకు మాట కూడబలుక్కోవడానికి ఎప్పుడూ సమయం పడుతుంది. ఆమె ఆ సమయమంతా ఇచ్చింది. మూడేళ్ళుగా అతని వాక్యాలను పూర్తిచేసి పెట్టేది ఆమే. ఈసారి ఒక్క అక్షరం అందించలేదు.

"నువ్వు... దిమ్మెలు... ఇంకా బోలెడు చేస్తావు," అన్నాడు చివరికి. "నాకు... అదొక్కటే."

అందులో పశ్చాత్తాపం లేదు. లెక్క ఉంది. ఇందాక స్టూలు మీద కూర్చుని తను వేసుకున్న లెక్కే అది, అంకె మారకుండా; తన ప్రేమ అనుకుని వేసుకున్నదాన్ని అతను వారం ముందే వేసి, జవాబు చూసుకుని పెట్టుకున్నాడు. ఆమె చేతులు రెండూ పనిచేస్తాయని అతనికీ గుర్తుంది.

ఆమె తిరిగి వచ్చి రిజిస్టరు ముందు కూర్చుంది.

"ఒక్క మాట అయిపోయిందమ్మాయ్," అన్నాడు మేస్త్రి. గొంతులో కోపం లేదు, కుతూహలం ఉంది.

"మాట్లాడటం లేదు మేస్త్రిగారూ. కారణం రాస్తున్నాను. నా చేత్తో రాయాలని మీ నియమమే."

పేరు దగ్గర 'ముందెవరు' అని రాసింది. తేదీ వేసింది. కారణం అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తరవాత, లిఫ్టు ప్రమాదాల నివేదికలు రాసి రాసి అలవాటైన గుండ్రటి, విడివిడి అక్షరాలతో, ఎవరైనా చదవగలిగేంత పెద్దగా, మొదటి మాట రాసింది: 'పునాదిలో'.

తలకిందులుగా చదువుతున్న వదిన చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి రెండడుగులు ముందుకు వేసి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఏం... రాస్తోంది?" అని అడిగింది ట్యాబ్. "ఏమే... ఏం రాస్తోంది అది?"

ఆమె తల ఎత్తలేదు. రెండో మాట మొదలుపెడుతూ అంది:

"ట్యాబ్ కాస్త దగ్గరికి తెండి వదినా. అన్నయ్య చదువుకోవాలి."

వదిన ముందు భర్త ముఖం చూసింది, పేజీ చూసింది. ఆ తరవాత దన్నుగా పెట్టిన పుస్తకాలను పక్కకు నెట్టి, రెండు చేతులతో ట్యాబ్‌ను పైకెత్తింది.